ఇద్దరు పట్టే తేలిక గుడారం: మన ఉక్కకు, బండకు, ఇసుకకు ఏది తగును?

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి వీపున సంచి వేసుకొని కొండలెక్కేవారిలో చాలామందికి సొంత గుడారం కొనాలన్న కోరిక మొదటి హిమాలయ యాత్ర ముగించుకొని వచ్చాక పుడుతుంది. నిజానికి ఆ యాత్రల్లో గుడారాలను సాధారణంగా నిర్వాహకులే సమకూరుస్తారు. మళ్ళీ వెళ్ళినా వారే సమకూరుస్తారు. అందువల్ల మనం డబ్బు పెట్టి కొన్న గుడారం విప్పుకునేది మంచుకొండల్లో కాదు. గండికోట లోయ అంచున, వంజంగి కొండమీద, సముద్రతీరపు సరుగుడు తోపుల్లో, లేదా మేనమామగారి మామిడి తోటలో. కొనేముందు మనం చదివే సమీక్షలు మాత్రం చలిదేశాలవారు తమ చలికోసం రాసుకున్నవి. వాటిలో బరువుకు మొదటి పీట, వెచ్చదనానికి రెండో పీట వేస్తారు. ఉక్కపోత మాట ఎక్కడో చివర వస్తుంది, ఒక్కొక్కసారి అసలు రాదు. నెల్లూరులో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున కూడా సాధారణంగా ఇరవై డిగ్రీల దగ్గరే ఉంటుంది కనుక ఆ వరుసను మనం తిరగరాసుకోవాలి.

వెల చూడడానికి ముందు, ఎక్కడ పడుకోబోతున్నారో నిజాయితీగా తేల్చుకోండి. పెంచలకోన చుట్టూ ఉన్న వెలిగొండ అడవి శ్రీ పెనుశిల నరసింహ వన్యప్రాణి అభయారణ్యంలోకి వస్తుంది. దోర్నాల దాటి శ్రీశైలం వైపు సాగే నల్లమల పులుల అభయారణ్యం. అక్కడ అటవీ శాఖ అనుమతి లేకుండా రాత్రి గుడారం వేయడం నేరం, పైగా ప్రమాదం. ఆ అడవులను ఊహించుకొని గుడారం ఎంచుకుంటే, ఆ గుడారం చివరకు అటకమీదే ఉంటుంది.

గాలి ఆడడం

రెండు పొరల గుడారంలో లోపల జాలీ గది, దానిపైన వాన ఆపే కప్పు, రెండింటి మధ్య కొంత ఖాళీ ఉంటాయి. ఇద్దరు మనుషులు రాత్రంతా విడిచే ఊపిరి, పైకి కనిపించని చెమట కలిపి సుమారు అరలీటరు నీరవుతుంది. అది బయటికి పోయే దారి లేకపోతే పైకప్పు లోపలి వైపున బొట్లుగా చేరుతుంది. రెండు పొరలు ఉంటే ఆ బొట్లు జాలీకి అవతల జారిపోతాయి. ఒకే పొర అయితే మీరు లేచి కూర్చునేటప్పుడు నెత్తికి తగులుతాయి. తీరప్రాంతపు గాలిలో తేమ ముందే నిండుగా ఉంటుంది కనుక పొడి దేశాలవారికి 'కొద్దిగా చెమ్మ' అనిపించిన గుడారం మనకు తెల్లవారేసరికి తడి బట్ట అవుతుంది.

చూడవలసినవి ఇవి. లోపలి గది గోడల్లో కనీసం సగానికి పైగా జాలీ ఉండాలి. పైకప్పు అంచు నేలను అంటుకోకుండా నాలుగు వేళ్ళ ఎత్తున ఆగాలి. నడినెత్తిన ఆవిరి పోవడానికి కిటికీ ఉండాలి. ఎదురెదురుగా రెండు తలుపులుంటే ఇంకా మంచిది, ఎందుకంటే సముద్రపు గాలి వీచే దిక్కుకు అడ్డంగా గుడారం వేసి రెండు తలుపుల కప్పులూ పైకి చుట్టి కట్టేస్తే జాలీ మీదుగా గాలి ఈ పక్క నుంచి ఆ పక్కకు ఆడుతుంది. చలికాలపు గుడారాలు, అంటే లోపలి గది గోడలు దాదాపు అంతా గుడ్డతోనే కుట్టినవి, చౌకగా వచ్చినా వద్దు. ఒక అక్టోబరు రాత్రి మా పిన్ని కొడుకూ నేనూ అటువంటి గుడారంలో చెరువు గట్టున పడుకున్నాము. రెండు గంటలకల్లా ఇద్దరమూ లుంగీలు కప్పుకొని బయట దోమల మధ్య కూర్చున్నాము. లోపల ఉక్కా బయట దోమలా అని ఎంచుకోవలసి వస్తే మనిషి దోమలనే ఎంచుకుంటాడని ఆనాడు తెలిసింది.

నేల

సమీక్షలు రాసేవారు మెత్తటి పచ్చికలో మేకు దిగుతుందన్న నమ్మకంతో రాస్తారు. మన దగ్గర మూడు రకాల నేలలు ఎదురవుతాయి, మూడూ మేకుకు శత్రువులే. ఉదయగిరి దుర్గం మీద, గండికోట అంచున పరుపుబండ. అక్కడ మేకు దిగదు. కొత్తపట్నం, మైపాడు తీరాల ఇసుకలో మేకు దిగుతుంది కానీ నిలవదు. కనిగిరి వైపు గరప నేలలో వేసవిలో సన్నటి అల్యూమినియం మేకు దిగేలోపే వంగుతుంది. అందువల్ల మేకులు లేకుండానే తన కమ్ముల మీద తాను నిలబడే గుడారానికి ఇక్కడ విలువ ఎక్కువ.

తనంతట నిలబడేదయినా కట్టి ఉంచకపోతే ఎగిరిపోతుందన్న సంగతి మరువకూడదు. మనుషులు లేని ఖాళీ గుడారం సముద్రపు గాలికి గాలిపటంతో సమానం. బండమీద నాలుగు మూలలా బరువైన రాళ్ళకు తాళ్ళు కట్టాలి. ఇసుకలో చిన్న గుడ్డ సంచుల నిండా ఇసుక పోసి, తాడు కట్టి, మూరెడు లోతున పాతాలి. పశువును కట్టే గూటంలాగా నిలువుగా దిగేసిన మేకు ఇసుకలో ఊడి వస్తుంది కానీ, అదే మేకును అడ్డంగా పడుకోబెట్టి పూడ్చితే గట్టిగా పట్టుకుంటుంది.

ఇక ముళ్ళు. సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరు కాయ గుడారపు అడుగు గుడ్డను, దానిమీది గాలిపరుపును ఒకేసారి పొడిచేస్తాయి. గుడ్డ మందాన్ని డెనియర్లలో చెబుతారు. తొమ్మిది వేల మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. మరీ తేలిక గుడారాల అడుగు 15 డెనియర్లు, కొంచెం ముతకవి 40, చౌకవాటిలో ఇంకా ఎక్కువ ఉంటుంది. 15 డెనియర్ల అడుగు కొంటే కింద పరిచే పట్టా ఒకటి విడిగా తప్పనిసరి. అప్పుడు దాని బరువునూ గుడారం బరువులోనే లెక్కవేయాలి.

వాన

నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. సరిగ్గా అవే నెలలు కొండలు పచ్చగా, నడకకు అనువుగా ఉండే నెలలు కూడా. గుడ్డ నీటిని ఎంత ఆపగలదో మిల్లీమీటర్లలో రాస్తారు. 1500 అని ఉంటే ఆ గుడ్డమీద పదిహేను వందల మిల్లీమీటర్ల ఎత్తు నీటి స్తంభం నిలిచేదాకా కారదని అర్థం. పైకప్పుకు 1500 మన జల్లులకు సరిపోతుంది. మోకాలు ఆనే అడుగు గుడ్డకు 3000 ఉంటే నిశ్చింత. ఈ అంకెకంటే ముఖ్యమైనవి రెండున్నాయి. కుట్ల వెంబడి లోపల పట్టీ అతికించి ఉండాలి, గుడారం వేసేటప్పుడు లోపలి గది తడవకుండా పైకప్పుతో సహా ఒకేసారి లేచే వీలుండాలి. పైకప్పు చివర వేసే రకాల్లో, జోరు వానలో ఆ అయిదు నిమిషాల్లోనే పడక తడిసిపోతుంది. తుపాను హెచ్చరిక ఉన్న రోజున ఏ గుడారమూ చాలదు, ఇంట్లో ఉండాలి.

బరువు

అమ్మేవారు రెండు బరువులు చెబుతారు. ఒకటి లోపలి గది, పైకప్పు, కమ్ములు మాత్రమే కలిపినది; రెండవది మేకులు, తాళ్ళు, సంచులతో సహా. పెట్టెమీద పెద్ద అక్షరాలతో కనిపించేది మొదటిది. నేను కొన్న మొదటి గుడారాన్ని మా వీధి కూరగాయల కొట్లో కాటాపై పెడితే రాసినదానికంటే దాదాపు నాలుగు వందల గ్రాములు ఎక్కువ తూగింది. అమ్మిన వ్యక్తిని అడిగితే మేకులు లెక్కలోకి రావన్నాడు. మేకులు లేకుండా పడుకోవడం ఎలాగో మాత్రం చెప్పలేదు.

అయినా బరువు గురించి మనం అనవసరంగా ఎక్కువ బెంగ పడతామని నా అభిప్రాయం. వేసవి దగ్గరపడ్డాక మన కొండల్లో వాగులు ఎండిపోతాయి. రాత్రి బసకు వెళ్ళే మనిషి నాలుగైదు లీటర్ల నీళ్ళు, అంటే నాలుగైదు కిలోలు, మోసుకుపోవలసిందే. అటువంటప్పుడు గుడారంలో మూడు వందల గ్రాములు తగ్గించడానికి పది వేలు అదనంగా పెట్టడమంటే గ్లాసున్నర నీళ్ళ బరువును కొనుక్కోవడమే. పైగా ఇద్దరి గుడారాన్ని ఇద్దరూ పంచుకుంటారు: ఒకరు కమ్ములు, మేకులు, మరొకరు గుడ్డ. రెండు కిలోల గుడారం తలా ఒక కిలో అవుతుంది. వరుసగా వారం పైగా రోజూ మోసేవారికి ఈ లెక్క వేరు, వారి సంగతి కింద చెబుతాను.

చోటు

'ఇద్దరికి' అన్న మాట ఇద్దరు సన్నటి మనుషులు కదలకుండా పడుకుంటారన్న భరోసాతో రాసినది. చాలా గుడారాల అడుగు రెండు మీటర్ల పది సెంటీమీటర్ల పొడవు, మీటరు ముప్పై సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, కొన్ని కాళ్ళ వైపు ఇంకా సన్నబడతాయి. మామూలు పరుపు వెడల్పు 51 సెంటీమీటర్లు కనుక రెండు పడతాయి, మధ్యలో టార్చిలైటు పెట్టుకునేంత చోటు మిగులుతుంది. 63 సెంటీమీటర్ల వెడల్పు పరుపులు రెండు పెడితే గోడకు గోడ సరిపోతుంది. ఉక్కలో ఒకరి చెయ్యి ఇంకొకరికి తగలడం ఎంత చికాకో మన అందరికీ తెలుసు.

ఇప్పుడు బజారులో దొరికే రకాలను ఈ కొలతలతో ఒక్కొక్కటిగా చూద్దాము.

ఫైబర్‌గ్లాస్ కమ్ముల గుమ్మటం

రెండు కమ్ములు అడ్డంగా దాటుకొని గుమ్మటంలా నిలిచే ఈ రకం రెండున్నర నుంచి మూడు కిలోలు తూగుతుంది. అయిదు వేల లోపే మంచివి దొరుకుతాయి. బండమీద నిలబడుతుంది, అడుగు గుడ్డ ముతకగా ఉంటుంది, పిల్లలు తొక్కినా ఓర్చుకుంటుంది. లోపం కమ్ముల్లో ఉంది: ఫైబర్‌గ్లాస్ వంగినట్టే వంగి ఒక రోజున నిలువునా చీలుతుంది, చీలిన పోగులు వేళ్ళలో గుచ్చుకుంటాయి. మరీ చౌకవాటిలో పైకప్పు టోపీలాగా నడినెత్తిన మాత్రమే ఉంటుంది. గాలివాన వస్తే జల్లు పక్కనుంచి లోపలికి కొడుతుంది. పైకప్పు కింది దాకా దిగిన రకాన్నే తీసుకోవాలి.

విసిరితే తెరుచుకునే గుండ్రటి గుడారాలు కూడా ఈ వెలలోనే వస్తాయి. కారులో వెళ్ళేవారికి అవి హాయి. వీపున మోసేవారికి మాత్రం ఆ చక్రం దారి పొడవునా ప్రతి కొమ్మకూ తగులుకుంటుంది.

అల్యూమినియం కమ్ములతో రెండు పొరల గుడారం

ఒకటింబావు కిలో నుంచి రెండు కిలోల దాకా ఉండే ఈ రకమే మన అవసరాలకు అన్నిటికంటే దగ్గరగా వస్తుంది. ఇందులో రెండు ఉపజాతులున్నాయి, తేడా తెలియక మోసపోయేవారు చాలామంది. నాలుగు మూలలకూ కమ్మి చేరేది పూర్తిగా తనంతట నిలుస్తుంది. తలవైపు రెండు మూలలకు, కాళ్ళ వైపు మధ్యకు మాత్రమే కమ్మి చేరేది సగమే నిలుస్తుంది. కాళ్ళ వైపు రెండు మూలలనూ మేకులతో లాగి కట్టకపోతే లోపలి గుడ్డ మీ పాదాలమీద వాలుతుంది. రెండో దానికి బరువు తగ్గుతుంది, సాధారణంగా తలుపూ ఒకటే ఉంటుంది, అంటే అర్ధరాత్రి లేచేవారు రెండోవారిని దాటుకొని పోవాలి.

విదేశీ కంపెనీల్లో ఎమ్మెస్సార్ హబ్బా హబ్బా, బిగ్ ఆగ్నెస్ కాపర్ స్పర్ పూర్తిగా నిలిచేవి. రెండు తలుపులు, ఎక్కువ జాలీ, అన్నీ కలిపి ఒకటిన్నర కిలోకు అటూఇటూ. వాటి వెల మాత్రం మంచి స్మార్ట్‌ఫోను వెలతో పోటీ పడుతుంది. వాటికంటే చాలా తక్కువ వెలకు నేచర్‌హైక్ క్లౌడ్ అప్ వంటివి దొరుకుతాయి. అవి సగమే నిలిచే జాతి. డెకత్లాన్ దుకాణాల్లో ఈ తరగతివి ఉంటాయి, లోపల పడుకొని చూసే అవకాశం ఇస్తే తప్పక వాడుకోండి.

నడక కర్రల మీద నిలిచే గుడారం

దీనికి సొంత కమ్ములుండవు. కొండెక్కడానికి పట్టుకునే రెండు కర్రలే రాత్రికి స్తంభాలవుతాయి. కర్రలు ఎలాగూ వాడేవారికి ఇది నిజమైన లాభం. వాడనివారు అరకిలో కర్రలు విడిగా కొని మోస్తే లాభం సగం పోతుంది. దీనిలో రెండు పొరలవి డర్స్టన్ ఎక్స్-మిడ్ వంటివి, కిలో పైచిలుకు. ఒకే పొరవి జీప్యాక్స్ డూప్లెక్స్ వంటివి, సుమారు 540 గ్రాములు. ఈ రెండోది డైనీమా అనే గట్టి కృత్రిమ పోగుల పొరతో చేసినది. నీటిని పీల్చదు, తడిసినా నైలానులాగా సాగి వేలాడదు, కానీ అమెరికాలోనే ఆరు వందల డాలర్లు దాటుతుంది, ఆపైన దిగుమతి సుంకం.

అసలు చిక్కు వెలలో లేదు, నిలబెట్టడంలో ఉంది. ఈ గుడారం నిలిచేదే తాళ్ళ బిగింపు మీద. కనీసం నాలుగు, చాలావాటిలో ఆరు చోట్ల నేల గట్టిగా పట్టుకోవాలి. ఇసుకలో ఒక్క మేకు ఊడితే అర్ధరాత్రి కప్పంతా ముఖాన పడుతుంది. బండమీద వేయాలంటే ప్రతి మూలకూ రెండు మూరల తాడు అదనంగా కట్టి, మోయలేనంత రాయి వెతికి తేవాలి. నేర్పు వచ్చాక పది నిమిషాల పనే అయినా మొదటి నెలలో ఇంటి మేడమీద నీళ్ళ బిందెలకు కట్టి సాధన చేయవలసిందే.

పట్టా, దోమతెర

పైన మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు ఉన్న సిలికాన్ పూత నైలాను పట్టా, కింద అడుగున్న దోమతెర. రెండూ కలిపి కిలోకు అటూఇటూ, గాలి విషయంలో దీనికి సాటి లేదు. సరుగుడు తోపులో రెండు చెట్ల మధ్య తాడు లాగి వేస్తే నడిరేయి గాలి నేరుగా ఒంటికి తగులుతుంది. చెట్టు లేనిచోట కష్టం, ఏటవాలు వానలో ఇంకా కష్టం, చుట్టూ గోడ కనబడకపోతే నిద్రపట్టనివారికి అసలు పనికిరాదు. తాళ్ళకు ముడులు వేయడం చేతనైనవారికి, జనవరి నుంచి మే దాకా మాత్రమే తిరిగేవారికి దీన్ని ధైర్యంగా సిఫార్సు చేస్తాను.

| రకం | బరువు | గాలి | బండ, ఇసుక | ఈశాన్య రుతుపవన వాన |
|---|---|---|---|---|
| ఫైబర్‌గ్లాస్ గుమ్మటం | 2.5–3 కిలోలు | పరవాలేదు | నిలుస్తుంది | పైకప్పు కింది దాకా ఉంటేనే |
| పూర్తిగా నిలిచే అల్యూమినియం | 1.4–2 కిలోలు | చాలా బాగు | నిలుస్తుంది | బాగు |
| సగమే నిలిచే అల్యూమినియం | 1.25–2 కిలోలు | బాగు, ఒకే తలుపయితే తక్కువ | కాళ్ళ వైపు ఇబ్బంది | బాగు |
| కర్రల గుడారం, రెండు పొరలు | 1–1.2 కిలోలు | బాగు | కష్టం | బాగు |
| కర్రల గుడారం, ఒకే పొర | 0.5–0.8 కిలో | చెమ్మ చేరుతుంది | కష్టం | బాగు, తుడుచుకోవాలి |
| పట్టా, దోమతెర | కిలోకు అటూఇటూ | సాటి లేదు | చెట్టును బట్టి | ఏటవాలు జల్లుకు చాలదు |

ఎవరికి ఏది

ఏడాదికి రెండు మూడు రాత్రులు, అదీ బండి దిగి రెండు మూడు కిలోమీటర్లు నడిచి పడుకునే కళాశాల విద్యార్థులు గుమ్మటంతో ఆగిపోవచ్చు. మిగిలిన డబ్బుతో మంచి పరుపులు కొనుక్కుంటే నిద్ర ఇంకా బాగుంటుంది.

నెలకొకసారి కొండకో తీరానికో వెళ్ళే భార్యాభర్తలు, స్నేహితుల జంటలు పూర్తిగా నిలిచే అల్యూమినియం రకమే తీసుకోవాలి. రెండు తలుపులు తప్పనిసరి. సగమే నిలిచేది బరువు తక్కువుంటుందని, వెల కూడా తక్కువని ఆశ పెడుతుంది. ప్రతిసారీ మెత్తటి మట్టిలోనే, అంటే మాగాణి అంచునో తోటలోనో, పడుకునేవారు ఆ ఆశకు లొంగినా నష్టం లేదు. బండమీదికి వెళ్ళేవారు లొంగవద్దు.

వంజంగి, లంబసింగి వంటి ఎత్తైన చోట్లకు శీతాకాలంలో వెళ్ళేవారికి ఒక మాట. అక్కడ చలి ఉంది, పొగమంచు కమ్ముతుంది, మబ్బు గుడారాన్ని తాకుతూ పోతుంది. జాలీ గది చలిగా ఉంటుందేమోనన్న భయంతో గుడ్డ గది కొంటారు. అవసరం లేదు, దుప్పటి మందం పెంచుకోండి. మైపాడు వెళ్ళేటప్పుడు మందపు దుప్పటిని ఇంట్లో వదిలేయవచ్చు, గుడ్డ గోడను వదిలేయలేరు.

సొంతంగా, నిర్వాహకులు లేకుండా, వారం పది రోజులు వరుసగా హిమాలయాల్లోనో పడమటి కనుమల్లోనో నడిచేవారికే కర్రల గుడారం న్యాయంగా చెల్లుతుంది. అటువంటివారు కూడా రెండు పొరలదే ఎంచుకోవడం మంచిదని నా మాట, ఎందుకంటే తిరిగివచ్చాక దాన్ని మన తీరంలోనూ వాడాలి కదా.

అయిదడుగుల పది అంగుళాలు దాటినవారు, లేదా చిన్న పిల్లవాణ్ణి వెంట తీసుకెళ్ళేవారు ముగ్గురి గుడారం చూడాలి. అయిదారు వందల గ్రాములు పెరిగినా తెల్లారేసరికి ఎవరూ ఎవరిమీదా విసుక్కోకుండా ఉంటారు.

కొన్న తరువాత

మన తేమకు ఓడిపోయే భాగం ఒకటుంది, దాని సంగతి కొట్లో ఎవరూ చెప్పరు. చాలా గుడారాలకు నీరు ఆపేది లోపలి వైపున వేసిన పాలీయురెథేన్ పూత. వేడి, తేమ కలిసిన చోట మడిచి పెడితే అది కొన్నేళ్ళలో విడిపోతుంది. ముందు పుల్లటి వాసన వస్తుంది, తరువాత గుడ్డ జిగురుగా అంటుకుంటుంది, ఆపైన పొట్టులా రాలుతుంది. దానికి మందు లేదు. రెండు వైపులా సిలికాన్ పూత ఉన్న గుడ్డకు ఈ జబ్బు రాదు కనుక తీరప్రాంతంలో ఉండేవారు వీలైతే పైకప్పు వరకైనా అది చూసి కొనాలి. ఏ పూత అయినా, ఇంటికి రాగానే విప్పి, ఉప్పుగాలి తగిలి ఉంటే మంచినీళ్ళతో కమ్ములూ జిప్పులూ కడిగి, నీడన పూర్తిగా ఆరబెట్టాలి. ఎండలో కాదు, ఎండ నైలానును తినేస్తుంది. దానితో వచ్చిన బిగుతు సంచిలో కాకుండా పాత దిండు గలీబులో వదులుగా కూరి, రేకుల గది అటకమీద కాక, చల్లటి బీరువా అడుగు అరలో పెట్టండి. ఆరు నెలలకొకసారి తీసి వాసన చూడండి.